థెరపిస్టు దగ్గర మాట్లాడడం ఎలా: మనసు గాయం మానేందుకు వేయవలసిన అడుగులు

చాలాకాలంగా దుఃఖాన్నో, భయాన్నో, అవమానాన్నో మనసులో మోస్తున్నవారికి చుట్టూ ఉన్నవాళ్లు ఇచ్చే మొదటి సలహా, "ఎవరితోనైనా చెప్పుకో, బరువు దిగిపోతుంది" అని. ఆ మాట అబద్ధం కాదు గానీ సగమే నిజం. చెప్పుకున్న రోజు తేలికగా ఉండి, మర్నాటికల్లా అదే బరువు మళ్లీ గుండె మీదికి ఎక్కి కూర్చోవడం మీకూ అనుభవమయ్యే ఉంటుంది. సైకోథెరపిస్టు దగ్గర జరిగే పని చెప్పుకోవడంతో మొదలవుతుంది గానీ అక్కడితో ఆగదు. చెప్పిన విషయాన్ని ఇద్దరూ కలిసి నిదానంగా చూస్తారు, చెప్పేటప్పుడు మీకేం జరుగుతోందో గమనిస్తారు, మీరు దాటవేసిన చోటికి మళ్లీ వెళ్తారు.

ఈ వైద్యానికి "మాటల చికిత్స" అనే పేరు పెట్టింది డాక్టరు కాదు, ఒక రోగి. వియన్నాలో జోసెఫ్ బ్రాయర్ అనే వైద్యుడి దగ్గర 1880 నుంచి 1882 దాకా చికిత్స పొందిన బెర్తా పాపెన్‌హైమ్, తన లక్షణాలు ఎప్పుడు ఎలా మొదలయ్యాయో చెబుతూ పోతే అవి నెమ్మదించడం చూసి ఆ పేరు పెట్టింది. బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి 1895లో ఆమె కథను మారుపేరుతో ప్రచురించారు. అయితే బ్రాయర్ చికిత్స ముగిశాక కూడా ఆమె కొన్నేళ్ల పాటు పలుమార్లు శానిటోరియంలలో, అంటే ఉండి చికిత్స తీసుకునే ఆరోగ్యశాలల్లో, ఉండవలసి వచ్చింది. పూర్తిగా కోలుకుని, 1904లో జర్మనీలో యూదు మహిళల సమాఖ్యను స్థాపించింది. మాట తలుపు తెరుస్తుంది, కానీ లోపల చేయవలసిన పని వేరే ఉంటుందని ఆమె జీవితమే చెబుతోందని నాకనిపిస్తుంది. ఆ పనిని మీరు ఎలా చేయవచ్చో ఇక్కడ వరుసగా చెబుతాను.

1. వెళ్లే ముందు ఒక కాగితం రాసుకోండి

మీ జీవితకథ మొత్తం రాయనక్కరలేదు. ఏది బాధపెడుతోంది, ఎప్పటి నుంచి, దాని వల్ల ఏ పనులు మానేశారు, అది తగ్గితే మళ్లీ ఏం చేయగలగాలని కోరుకుంటున్నారు అనే నాలుగు విషయాలు చాలు. నాలుగోదానికి కొంచెం ఎక్కువ సమయం ఇవ్వండి. "సంతోషంగా ఉండాలి" అని రాస్తే దాన్ని పట్టుకుని పని చేయడం కష్టం. "రాత్రి లైటు ఆర్పి పడుకోగలగాలి", "అన్నయ్యతో ఫోన్లో పది నిమిషాలు అరుచుకోకుండా మాట్లాడగలగాలి" అని రాస్తే, కొన్ని నెలల తరువాత అది జరిగిందో లేదో మీకే తెలుస్తుంది.

నిద్ర, ఆకలి, ఒంట్లో సత్తువ బాగా దెబ్బతిని ఉంటే ముందు ఒక సాధారణ వైద్యుడిని కూడా కలవండి. థైరాయిడ్ లోపం, రక్తహీనత వంటివి కూడా అచ్చం డిప్రెషన్ లాగే మనిషిని కుంగదీస్తాయి. ఇక చనిపోవాలన్న ఆలోచనలు తరుముతున్నా, మీకు మీరే హాని చేసుకుంటారేమోనన్న భయం ఉన్నా, అపాయింట్‌మెంటు తేదీ కోసం ఎదురుచూడకండి. ఆ రోజే అత్యవసర సహాయానికి ఫోన్ చేయండి లేదా ఆసుపత్రికి వెళ్లండి. నమ్మకమైన మనిషి ఒకరిని పక్కన ఉంచుకోండి.

2. ఎవరి దగ్గరికి వెళ్తున్నారో తెలుసుకోండి

సైకియాట్రిస్టు వైద్యశాస్త్రం చదివిన డాక్టరు, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు మానసిక సమస్యలను అంచనా వేయడంలోనూ, మాటల ద్వారా చికిత్స చేయడంలోనూ శిక్షణ పొందినవారు. కౌన్సెలర్ అనే పేరు మాత్రం చాలా రకాలవాళ్లు వాడుతుంటారు కాబట్టి, ఏం చదివారు, ఎవరి పర్యవేక్షణలో శిక్షణ పొందారు, లైసెన్సు ఉందా, మీలాంటి సమస్యతో వచ్చినవారితో పని చేశారా అని నేరుగా అడగండి. అలా అడగడం అమర్యాద కాదు. సరైన శిక్షణ ఉన్నవారు ఆ ప్రశ్నలకు నొచ్చుకోరు.

పద్ధతులు చాలా ఉన్నాయి. 1960లలో ఆరన్ బెక్ రూపొందించిన కాగ్నిటివ్ థెరపీ, దాని నుంచి పెరిగిన సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ), మన ఆలోచనలు మన భావాలనూ ప్రవర్తననూ ఎలా నడిపిస్తున్నాయో చూసి, వాటిని పరీక్షకు పెట్టడం నేర్పుతాయి. సైకోడైనమిక్ పద్ధతి, చిన్నప్పటి నుంచి మనం అలవాటు చేసుకున్న బంధాల తీరు నేటి జీవితంలో ఎలా తిరిగి తిరిగి వస్తోందో వెతుకుతుంది. కార్ల్ రోజర్స్ మొదలుపెట్టిన పద్ధతిలో, తీర్పు చెప్పకుండా, నటన లేకుండా, ఎదుటి మనిషి లోకాన్ని అతని కళ్లతో చూడడమే ప్రధాన సాధనం. పేర్లు చూసి కంగారుపడకండి. ఎడ్వర్డ్ బోర్డిన్ అనే మనస్తత్వవేత్త 1979లో, ఏ పద్ధతిలోనైనా చికిత్స సాగాలంటే మూడు ఉండాలన్నాడు: ఎటు వెళ్లాలన్నదాని మీద ఇద్దరికీ ఒప్పందం, అక్కడికి చేరడానికి ఏం చేయాలన్నదాని మీద ఒప్పందం, ఇద్దరి మధ్య నమ్మకం. మూడు నాలుగు సెషన్లు అయ్యాక ఆ మూడూ ఉన్నాయా అని మిమ్మల్ని మీరు అడిగి చూసుకోండి.

కొన్ని సందర్భాల్లో మాత్రం రెండో ఆలోచన లేకుండా బయటికి వచ్చేయాలి. థెరపిస్టు మీతో ప్రేమ సంబంధానికో, శారీరక సంబంధానికో ప్రయత్నించినా, వ్యాపార లావాదేవీలు పెట్టుకోవాలని చూసినా, ఫలానా రోజుకల్లా నయం చేస్తానని హామీ ఇచ్చినా, మిమ్మల్ని సిగ్గుపడేలా మాట్లాడినా అక్కడ మీకు భద్రత లేదు.

3. మొదటి సెషన్‌లో హద్దులు తేల్చుకోండి

సెషన్ సాధారణంగా 45 నుంచి 50 నిమిషాలు, ఎక్కువగా వారానికి ఒకసారి ఉంటుంది. మొదటి రోజు ప్రశ్నలు ఎక్కువగా ఉంటాయి. కుటుంబం, ఆరోగ్యం, మందులు, పాత సంఘటనల గురించి అడుగుతారు. అన్నిటికీ ఆ రోజే జవాబు చెప్పవలసిన పని లేదు. "దీని గురించి ఉంది, కానీ ఇంకా చెప్పలేను" అన్నది కూడా నిజాయితీ గల జవాబే, పైగా థెరపిస్టుకు ఎంతో ఉపయోగపడే జవాబు.

గోప్యత గురించి మీరే అడగండి. మీరు చెప్పినది బయటికి పోదు, కానీ దానికి మినహాయింపులు ఉంటాయి. మీ ప్రాణానికో, మరొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపించినప్పుడు, పిల్లల మీద హింస జరుగుతున్నప్పుడు, న్యాయస్థానం ఆదేశించినప్పుడు థెరపిస్టు మౌనంగా ఉండలేకపోవచ్చు. ఆ వివరాలు చట్టాన్ని బట్టి మారుతాయి. హద్దు ఎక్కడుందో ముందే తెలిసిన మనిషి, ఆ హద్దు లోపల మరింత ధైర్యంగా మాట్లాడగలడు.

4. సంఘటన చెప్పి ఆగిపోకండి, అనుభవం దాకా వెళ్లండి

ఈ మెట్టు దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే చికిత్స ఫలించడం, ఫలించకపోవడం చాలావరకు ఇక్కడే తేలుతుంది. మనలో చాలామందికి జరిగినది చెప్పడం వచ్చు. ఎవరు ఏమన్నారు, తరువాత ఏం జరిగింది, తప్పెవరిది అని గంటసేపు చెప్పగలం. అప్పుడు నాకేమైంది, ఇప్పుడు చెబుతుంటే ఏమవుతోంది అని అడిగితే మాత్రం "ఏదోలా ఉంది", "మామూలే" అంటాం.

నా విషయమే చెబుతాను. నాన్న పోయిన కొన్ని నెలలకు నేను థెరపీకి వెళ్లాను. మూడో సెషన్‌లో, "పెద్ద వయసు, ఎక్కువ బాధపడకుండానే వెళ్లిపోయారు, నేను తట్టుకోగలిగాను" అని నిబ్బరంగా చెబుతున్నాను. థెరపిస్టు ఆ మాటలకు జవాబేమీ చెప్పలేదు. కాసేపాగి, "మీ కుడి చేయి ఎడమ చేతి వేళ్లను గట్టిగా పట్టుకుని ఉంది. ఆ చేతికి మాట వస్తే ఏమంటుందో?" అని అడిగారు. చూసుకుంటే గోళ్లు తెల్లబడి ఉన్నాయి. "వదలొద్దు అంటుంది" అన్నాను, అన్నాక గానీ ఏమన్నానో నాకు అర్థం కాలేదు. ఆఖరి రాత్రి ఫోన్ మోగితే, నాన్న చేయి వదిలి వరండాలోకి వెళ్లాను. నాలుగు నిమిషాలు మాట్లాడి తిరిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ నాలుగు నిమిషాల గురించి అప్పటిదాకా నేను ఎవరికీ చెప్పలేదు. దుఃఖం అనుకుంటూ నేను మోస్తున్నదానిలో సగం దుఃఖమే కాదని, అది నేరభావమని ఆ రోజే తెలిసింది. ఆ తరువాతి వారాల్లో మేము పని చేసింది దాని మీదనే.

అందుకే మీకు చెప్పేది ఇది. ఒక సంఘటన చెప్పిన తరువాత మూడు చిన్న ప్రశ్నలు మీరే వేసుకోండి: ఇది చెబుతుంటే ఒంట్లో ఎక్కడ ఏమవుతోంది, దీనికి కోపం, భయం, సిగ్గు, బెంగ, అసూయ, నేరభావం వంటి వాటిలో ఏ పేరు సరిపోతుంది, ఇందులో ఇంకా చెప్పకుండా ఏం దాచుకున్నాను. భావానికి సరైన పేరు పెట్టడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ కాదు. మాథ్యూ లీబర్మన్ బృందం 2007లో ప్రచురించిన మెదడు స్కానింగ్ పరిశోధనలో, భయం, కోపం నిండిన ముఖాల ఫొటోలు చూస్తున్నవారు ఆ భావానికి పేరు పెట్టినప్పుడు, భయాన్ని పసిగట్టే అమిగ్డాలా అనే భాగంలో చురుకుదనం తగ్గింది. నుదుటి వెనక, ఆలోచనను అదుపు చేసే ప్రాంతంలో ఒక భాగం చురుకుగా మారింది. పేరు దొరికిన భావం మాయమైపోదు, కానీ దాన్ని కాస్త దూరం నుంచి చూడగలిగే వీలు కలుగుతుంది.

మౌనం వస్తే రానివ్వండి. దాన్ని పూడ్చడానికి వాతావరణం గురించో, పని ఒత్తిడి గురించో ఎత్తుకోకండి. కన్నీళ్లు వస్తే క్షమాపణ చెప్పకండి. మరొక్క అలవాటును గమనించండి: అసలు విషయాన్ని చివరి రెండు నిమిషాల్లో, లేచి చెప్పులు వేసుకుంటూ చెప్పడం చాలామంది చేసే పని. అలా చెప్పారంటే మీరు తప్పు చేసినట్టు కాదు, సమయం లేనప్పుడే మీకు ధైర్యం వచ్చిందన్నమాట. తరువాతి సెషన్‌ను ఆ మాటతోనే మొదలుపెట్టండి.

5. పెద్ద గాయమైతే తొందరపడకండి

హింస, లైంగిక దాడి, ప్రమాదం వంటివి అనుభవించినవారు మొదటి రోజే అంతా చెప్పేయాలనుకుంటే అది మానే గాయాన్ని మళ్లీ చీల్చడమే కావచ్చు. ఇలాంటి గాయాల మీద పని చేసిన జూడిత్ హెర్మన్ 1992లో కోలుకోవడాన్ని మూడు దశలుగా వివరించారు. మొదట భద్రత, తరువాత గుర్తు చేసుకుని శోకించడం, ఆ తరువాత మళ్లీ మనుషుల్లోకి రావడం. కాబట్టి కథలోకి వెళ్లే ముందే, మనసు పాత క్షణంలోకి జారిపోయినప్పుడు తిరిగి వర్తమానంలోకి ఎలా రావాలో థెరపిస్టు దగ్గర నేర్చుకోండి. పాదాలు నేలకు ఆనించి ఒత్తిడిని గమనించడం, గదిలో కనిపిస్తున్న అయిదు వస్తువుల పేర్లు నెమ్మదిగా పైకి చెప్పడం, ఊపిరి లోపలికి తీసుకున్నదాని కంటే ఎక్కువసేపు వదలడం వంటివి ఇందుకు పనికొస్తాయి. "ఇవాళ్టికి ఇక్కడ ఆపుదాం" అనడానికి మీకు పూర్తి హక్కుంది. గాయపడినప్పుడు ఆపే శక్తి మీ చేతిలో లేదు, ఇప్పుడు ఉంది. ఆపమంటే ఎదుటి మనిషి ఆగడం కూడా చికిత్సలో భాగమే.

6. థెరపిస్టు మీద వచ్చిన కోపాన్ని థెరపిస్టుకే చెప్పండి

ఇది అన్నిటికంటే కష్టమైన పని. నా ఫోన్ కథ చెప్పిన రెండు వారాల తరువాత, ఆసుపత్రి బిల్లు కట్టడానికి వరుసలో నిలబడ్డ సంగతి చెబుతుండగా థెరపిస్టు గోడగడియారం వైపు చూశారు. అంతే. నేను మాట మార్చాను. ఆ తరువాత రెండు సెషన్లు ఎంతో మర్యాదగా, ఏమీ చెప్పకుండా నడిపాను. మానేస్తున్నానని మెసేజ్ కూడా టైపు చేసుకుని ఉంచుకున్నాను. చివరికి పంపకుండా వెళ్లి, "ఆ రోజు మీరు గడియారం చూశారు, నా కథ మీకు విసుగు పుట్టించిందనుకున్నాను" అన్నాను. గొంతు వణికింది. ఆవిడ సాకులు చెప్పలేదు. చూసిన మాట నిజమేనని, అది నాకు ఎంత బాధ కలిగించిందో అర్థమైందని, ఆ విషయం నాతో చెప్పి ఉండవలసిందని అన్నారు. తరువాత, "ఎవరైనా విసుక్కున్నారనిపిస్తే మర్యాదగా తప్పుకోవడం మీకు ఎప్పటి నుంచి అలవాటు?" అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి మాకు నెల పట్టింది.

బయట మనకు తెగిపోయిన బంధాల్లో చాలావరకు ఇలాగే, ఎవరూ ఏమీ అనకుండా తెగిపోతాయి. తెగబోయిన బంధాన్ని మాటతో అతికించడం ఒక్కసారైనా అనుభవంలోకి వస్తే, అది సాధ్యమేనన్న సంగతి ఒంటికి తెలుస్తుంది. ఏ సలహా విన్నా, ఏ పుస్తకం చదివినా అది అంత లోతుగా తెలియదు. అందుకే, "మీరన్నది నాకు నచ్చలేదు", "నన్ను మీరు సరిగా అర్థం చేసుకోలేదు", "ఈ పద్ధతి నాకు పనికొస్తున్నట్టు లేదు", చివరికి "ఇవాళ రావాలనిపించలేదు" అన్న మాటలు కూడా మింగేయకండి. విన్న థెరపిస్టు మీ మీద విరుచుకుపడితే, లేదా తప్పంతా మీ జబ్బు మీదికే నెట్టేస్తే, అప్పుడు వేరొకరిని వెతుక్కోవడానికి మీకు స్పష్టమైన కారణం దొరికినట్టే.

7. రెండు సెషన్ల మధ్య రోజులను వాడుకోండి

వారంలో ఒక గంట థెరపిస్టుది, మిగిలిన గంటలన్నీ మీవి. సెషన్ అయిన వెంటనే ఆఫీసు మీటింగులోకో, ఇంటి పనిలోకో దూకకుండా కనీసం అరగంట ఖాళీగా ఉంచుకోండి. ఆ రోజు ఏ మాట దగ్గర గొంతు పట్టేసిందో రెండు వాక్యాలు రాసుకోండి. సీబీటీలో హోంవర్క్ ఇస్తారు. సందర్భం, అప్పుడు వచ్చిన ఆలోచన, దాని వల్ల కలిగిన భావం, ఆ ఆలోచనకు అనుకూలంగానూ ప్రతికూలంగానూ ఉన్న ఆధారాలు ఒక పట్టికలో రాయమంటారు. చేయలేకపోతే అబద్ధం చెప్పకండి. ఎందుకు చేయలేకపోయారన్నదే ఆ వారపు విషయం కావచ్చు.

జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు తమ గాయాల గురించి రాశారు. రాసిన వెంటనే వాళ్ల మనసు మరింత బరువెక్కింది, కానీ జరిగినదాన్నీ దాని వెనకున్న భావాన్నీ కలిపి రాసినవారు ఆ తరువాతి ఆరు నెలల్లో వైద్యుడి దగ్గరికి వెళ్లిన సందర్భాలు తగ్గాయి. మీరు ప్రయత్నిస్తే థెరపిస్టుకు చెప్పి చేయండి. రాసినది కలవరపెట్టినప్పుడు దాన్ని తీసుకెళ్లడానికి ఒక చోటు ఉంటుంది.

8. మెరుగవుతున్నారో లేదో చూసుకోండి

కొన్ని సెషన్ల తరువాత ముందుకంటే ఎక్కువ బాధగా అనిపించవచ్చు. ఇన్నాళ్లూ మూసి ఉంచినది తెరుచుకున్నప్పుడు అది సహజమే. అయితే ఆ మాటనే సాకుగా పెట్టుకుని నెలల తరబడి ఏ మార్పూ లేకుండా కొనసాగడం మంచిది కాదు. డిప్రెషన్ కొలవడానికి వాడే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళిలో గత రెండు వారాల గురించి 9 ప్రశ్నలుంటాయి, మొత్తం 27 మార్కులు; అంకె ఎంత పెద్దదైతే డిప్రెషన్ అంత ఎక్కువన్నమాట. నెలకోసారి దాన్ని నింపి, అంకెలు ఎటు వెళ్తున్నాయో థెరపిస్టుతో కలిసి చూడండి. చావు గురించిన చివరి ప్రశ్నకు సున్నా కాక ఏ జవాబు వచ్చినా ఆ సంగతి వెంటనే చెప్పండి.

ఎంతకాలం పడుతుందన్నది అందరూ అడుగుతారు. కెన్నెత్ హోవర్డ్, ఆయన సహచరులు 1986లో అప్పటి అధ్యయనాలను కలిపి చూస్తే, 8 సెషన్లకు దాదాపు సగం మందిలో, 26 సెషన్లకు దాదాపు ముప్పావు వంతు మందిలో మెరుగుదల కనిపించింది. మీరు ఆ లెక్కలో ఎక్కడుంటారో ముందే చెప్పలేం. వెళ్లే ముందు రాసుకున్న కాగితం తీసి, ఆ నాలుగో విషయం ఏమైందో చూసుకోండి. కదలిక లేకపోతే లక్ష్యం మార్చడం, పద్ధతి మార్చడం, మందులు కూడా తోడు తీసుకోవడం, థెరపిస్టునే మార్చడం వంటి దారులన్నీ తెరిచే ఉంటాయి. డాక్టరు రాసిన మందులు మాత్రం సెషన్లు బాగా సాగుతున్నాయన్న ఉత్సాహంలో మీ అంతట మీరు ఆపేయకండి.

9. ముగింపును కూడా మాట్లాడే ముగించండి

బాగైపోయాననిపించగానే వెళ్లడం మానేయడం చాలామంది చేసే పొరపాటు. కనీసం రెండు మూడు సెషన్లు ముందే ముగింపు గురించి చెప్పండి. ఏం మారింది, ఏం మారలేదు, మళ్లీ జారిపోతున్నారనడానికి మొదట కనిపించే గుర్తులేమిటి, అవి కనిపిస్తే ఎవరికి ఫోన్ చేస్తారు అన్నవి కాగితం మీద పెట్టండి. పోగొట్టుకున్న బాధతో వచ్చినవారికి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఈసారి వీడ్కోలు చెప్పే సమయం చేతిలో ఉంది. నా చివరి సెషన్‌లో నేను చెప్పవలసినవన్నీ చెప్పాను, కోపంతో సహా. లేచి నిలబడ్డాక, గడియారం వైపు ఈసారి నేనే చూశాను. ఇంకా నాలుగు నిమిషాలు మిగిలి ఉన్నాయి. మళ్లీ కూర్చున్నాను.